నీలం మీద తెలుపు

నేను బర్మింగ్‌హామ్ వచ్చిన కొత్తలో నాకు అప్పజెప్పిన పని వింటే మీకు నవ్వొస్తుంది. ఎప్పుడో మా నాన్న ఉద్యోగంలో చేరిన రోజుల్లో రాసిన కోబాల్ ప్రోగ్రాములు కొన్ని. వాటిని చదివి, అవి ఏం చేస్తున్నాయో కనిపెట్టి, అచ్చం అదే పని చేసేట్టు కొత్తగా రాయాలి. డాక్యుమెంటేషన్ ఉందా అంటే ఉంది.. ఒక ఫైలు అట్ట. లోపల కాగితాలు లేవు. రాసినవాళ్ళలో ఒకే ఒక్క పెద్దాయన మిగిలాడు, ఆయనా ఇంకో ఆరు వారాల్లో రిటైరవుతున్నాడు. రోజూ భోజనాలయ్యాక ఆయన పక్కన కుర్చీ వేసుక్కూర్చుని "ఇక్కడ ఏడుతో ఎందుకు గుణించారు?" లాంటి ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఆయన కాసేపు తెర వంక చూసి, "ఎందుకో చెప్పలేను గానీ, అది మాత్రం తీసెయ్యకు" అనేవాడు.

ఆయనది వర్డ్‌స్లీ. బర్మింగ్‌హామ్‌కి పడమరగా, స్టౌర్‌బ్రిడ్జ్‌ని ఆనుకుని ఉండే ఊరు. వాళ్ళ తాత గాజు పనివాడట. ఒకరోజు నా మొహంలో విసుగు చూసి, "ఈ శనివారం ఖాళీయేనా? వెళ్ళి మా ఊళ్ళో రెడ్ హౌస్ కోన్ చూసిరా. అక్కడ ఒకాయన నీ దానికన్నా పాత కోడుని తిరగరాశాడు. కాగితాలు ఆయనకీ లేవు" అన్నాడు.

వెళ్ళాను. కాలవ ఒడ్డున ఇటుకలతో కట్టిన పెద్ద శంఖువు లాంటి గోపురం. దాదాపు వంద అడుగుల ఎత్తు. మధ్యలో కొలిమి, దాని చుట్టూ పనివాళ్ళు, పైన పొగ పోవడానికి గోపురమంతా ఒకటే గొట్టం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కట్టారు. 1936 దాకా అందులో గాజు కరిగింది. ఇలాంటివి బ్రిటన్ మొత్తం మీద ఇప్పుడు నాలుగే మిగిలాయి.

పెద్దాయన చెప్పిన 'పాత కోడు' ఏమిటంటే, పోర్ట్‌లాండ్ వాజ్ అనే రోమన్ గాజు పాత్ర. దాన్ని చేసే విద్య గురించే ఇవాళ నా సోది.

రోమన్లకి రంగు పొరలున్న రాళ్ళంటే మోజు. పైన తెల్లపొర, కింద ముదురు పొర ఉన్న రాయిని తీసుకుని, తెల్లపొరలో బొమ్మ చెక్కి, మిగతాది కింది రంగు దాకా గీకేస్తే, ముదురు రంగు మీద తెల్లటి బొమ్మ తేలుతుంది. దీన్ని కామియో అంటారు. కానీ జానెడు ఎత్తు పాత్రకి సరిపడా అలాంటి రాయి దొరకడం అంటే మాటలు కాదు, దొరికినా పొర మనకి కావలసిన చోట ఉండదు. అందుకని ఎవరో ఒక మహానుభావుడు ఆ రాయిని గాజుతోనే తయారు చేద్దామనుకున్నాడు. క్రీస్తుకు కాస్త ముందు మొదలై క్రీస్తు శకం 50, 60 దాకా, అంటే ముచ్చటగా మూడు తరాల పాటు ఈ పని నడిచింది. ఆ తర్వాత యూరప్‌లో మాయమైపోయింది. (తొమ్మిది, పది శతాబ్దాల్లో ఇస్లామిక్ దేశాల పనివాళ్ళూ, పద్దెనిమిదో శతాబ్దంలో చైనావాళ్ళూ పొరల గాజు చెక్కారు, చాలా బాగా చెక్కారు. కానీ అది వేరే కథ.) రోమన్లు చేసినవాటిలో పూర్తిగా మిగిలిన పాత్రలు చాలా కొద్ది. అందులో పేరున్నది ఇదే. ఎత్తు 25 సెంటీమీటర్లకి ఓ పిసరు తక్కువ. దాదాపు నల్లగా కనిపించే నీలం మీద తెల్లటి మనుషులు, చెట్లు, ఒక సముద్రపు పాము. ఆ బొమ్మల్లో కథేమిటన్నది నాలుగు వందల ఏళ్ళుగా పండితులు కొట్టుకుంటూనే ఉన్నారు, మనం మధ్యలో వెళ్ళొద్దు.

చేసే పద్ధతి చెప్పడానికి తేలిక. ఊదుడు గొట్టం చివర కరిగిన నీలం గాజు ముద్దని తీసుకుని కొంచెం ఊదుతారు. ఆ బుడగని కరిగిన తెల్ల గాజులో మెడ కింది దాకా ముంచి తీస్తారు. ఇప్పుడు రెండు పొరలూ అంటుకున్నాయి కదా, రెంటినీ కలిపి ఊది పాత్ర ఆకారానికి తెస్తారు. నెమ్మదిగా చల్లార్చాక తెలుపుని చెక్కుతారు. (అసలు ఊదనే లేదు, అచ్చులో చేశారు అనే వాదన కూడా ఉంది. ఎక్కువమంది ఒప్పుకునేది మాత్రం ముంచి ఊదిన పద్ధతే.)

చదివితే వంటల పుస్తకంలా ఉంది కదూ? కిటుకంతా ఆ 'నెమ్మదిగా చల్లార్చాక' అన్న చోట ఉంది. మా అమ్మమ్మగారి ఊళ్ళో నా చిన్నప్పుడు కరెంటు పోని రాత్రి లేదు. సాయంత్రం కాగానే లాంతరు చిమ్నీలు ముగ్గుతో తుడిచి పెట్టడం పిల్లల పని. వెలుగుతున్న చిమ్నీ మీద చెయ్యి విదిలించినప్పుడు ఒక్క నీటిచుక్క పడితే చాలు, టప్పుమని నిలువునా చీలేది. వీపు మీద విమానం మోత సరేసరి. అక్కడ జరిగింది ఏమిటంటే, చుక్క పడిన చోట గాజు చల్లబడి కుంచించుకుంది, పక్కనున్నది ఇంకా వేడిగా ఉంది. ఆ లాగుడికి గాజు తట్టుకోలేదు. ఒకే గాజుకి ఈ గతి పడితే, రెండు రకాల గాజుల్ని ఒకదాని మీద ఒకటి అతికిస్తే? నీలానికి ఒక మసాలా, తెలుపుకి ఇంకో మసాలా. చల్లారేటప్పుడు రెండూ ఒకే లెక్కన కుంచించుకోవాలి. లెక్క కాస్త తప్పితే కొలిమి దగ్గరే పగులుతుంది, అలా పగిలితే అదృష్టం. లేదంటే ఆ లాగుడుని కడుపులో దాచుకుని పైకి మామూలుగానే కూర్చుంటుంది. ఏడాది తర్వాతో, మూడేళ్ళ తర్వాతో, చెక్కి చెక్కి చివరికి వచ్చాక పగులుతుంది. ప్రొడక్షన్‌లో పెట్టాక బయటపడే బగ్గు లాగా అన్నమాట. రోమన్ పనివాడికి థర్మామీటరు లేదు, రసాయన శాస్త్రం లేదు. అయినా ఆ లెక్క కుదిర్చాడు. కుదిర్చి, కాగితం మీద పెట్టకుండా వెళ్ళిపోయాడు.

చెక్కడం సంగతి ఇంకోటి. తెల్లపొర మందంగా ఉన్నచోట పాలలా తెల్లగా ఉంటుంది. పల్చగా గీకినకొద్దీ కిందినుంచి నీలం పైకి వస్తుంది. అంటే నీడలు కూడా ఆ ఒక్క తెలుపులోనే వేయొచ్చు. బట్ట మడత, భుజం వంపు, దూరంగా ఉన్న కొమ్మ, అన్నీ మందంలో తేడాతోనే. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ గీకితే వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఈ పాత్ర ఎక్కడ దొరికిందో గట్టిగా చెప్పే ఆధారం లేదు. పదిహేడో శతాబ్దం మొదట్లో రోములో ఒక కార్డినల్ దగ్గర ఉంది. తర్వాత బర్బెరీనీ కుటుంబం చేతికి వచ్చి నూట యాభై ఏళ్ళు వాళ్ళింట్లో ఉంది. అప్పట్లో చూసినవాళ్ళలో చాలామంది దీన్ని రాయి అనే అనుకున్నారు. మరి చేసినవాడు కోరుకున్నదీ అదే కదా! బర్బెరీనీల తర్వాతి తరంలో అమ్ముకుంటే, చేతులు మారి సర్ విలియం హామిల్టన్ దగ్గరికి, ఆయన దగ్గర్నుంచి 1784లో పోర్ట్‌లాండ్ డచెస్ దగ్గరికి వచ్చింది. ఆవిడ మరుసటేడే పోయింది. 1786లో కొడుకు డ్యూక్ ఆఫ్ పోర్ట్‌లాండ్ వేలంలో దాన్ని నిలబెట్టుకుని, పింగాణీ వ్యాపారి జోసయ్య వెడ్జ్‌వుడ్‌కి నకలు తీసుకోమని అరువిచ్చాడు. వెడ్జ్‌వుడ్ నాలుగేళ్ళు తంటాలు పడి 1790కి మట్టిలో అద్భుతమైన నకలు తీశాడు. కానీ గమనించండి, మట్టిలో. తెల్ల బొమ్మల్ని విడిగా అచ్చుపోసి అతికించాడు. గాజులో చేసే విద్య అప్పటికి ఇంగ్లండులో ఎవరికీ లేదు. అసలు పాత్రని 1810లో డ్యూకుగారి వారసుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంచాడు.

1845 ఫిబ్రవరి 7 మధ్యాహ్నం. బాగా తాగి ఉన్న ఒక కుర్రాడు, దగ్గర్లో ఉన్న రాతి శిల్పం ఒకటి ఎత్తి దాని మీద విసిరాడు. గాజుపెట్టె, లోపల పాత్ర రెండూ తునాతునకలు. పేరు విలియం లాయిడ్ అన్నాడు. మ్యూజియం వాళ్ళు ఆరా తీయిస్తే అసలు పేరు విలియం మల్కాహీ అనీ, డబ్లిన్ ట్రినిటీ కాలేజీ నుంచి కనిపించకుండా పోయిన విద్యార్థి అనీ తేలింది. ఇక చట్టం చమత్కారం చూడండి. అతని మీద పెట్టిన చట్టంలో మాటల పొందిక ఎలా ఉందంటే, అది అయిదు పౌండ్లకి మించని వస్తువులకే వర్తిస్తుంది అని లాయరు వాదించాడు. పద్దెనిమిది వందల ఏళ్ళ పాత్ర అయిదు పౌండ్లకి లోపు అని ఎవరూ అనలేరు కదా! అందుకని పాత్రని వదిలేసి, దాని మీదున్న గాజుపెట్టె పగలగొట్టిన నేరానికి శిక్ష వేశారు. మూడు పౌండ్ల జరిమానా, లేదా రెండు నెలల జైలు. కుర్రాడి దగ్గర మూడు పౌండ్లు లేవు, జైలుకి వెళ్ళాడు. డ్యూకు మాత్రం విడిగా దావా వెయ్యలేదు. పిచ్చితనంతోనో మూర్ఖత్వంతోనో వాడు చేసినదానికి పేద కుటుంబం ఎందుకు బాధపడాలి అన్నాడట. డ్యూకులందరి మీదా నాకు సదభిప్రాయం లేదు గానీ, ఈయనకి మాత్రం ఒక దణ్ణం.

మ్యూజియంలో జాన్ డబుల్‌డే అనే ఆయన కూర్చుని ఆ ఏడే ముక్కలన్నీ అతికించాడు. 37 చిన్న ముక్కలు మాత్రం ఎక్కడివో తేలక మిగిలిపోయాయి.

ఇక్కడినుంచి కథ స్టౌర్‌బ్రిడ్జ్ వస్తుంది. ఈ ప్రాంతంలో గాజు పని మొదలుపెట్టిందే వలస వచ్చినవాళ్ళు. పదిహేడో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సు వైపు లొరెయిన్ నుంచి వచ్చిన కుటుంబాలు, బొగ్గూ కొలిమికి పనికొచ్చే మట్టీ రెండూ ఒకేచోట దొరుకుతాయని ఇక్కడ స్థిరపడ్డాయి. రెండు వందల ఏళ్ళ తర్వాత అదే చోట బెంజమిన్ రిచర్డ్‌సన్ అనే కార్ఖానాదారు, పోర్ట్‌లాండ్ వాజ్‌ని గాజులో మళ్ళీ చేసినవాడికి వెయ్యి పౌండ్లు ఇస్తానన్నాడు. ఆ రోజుల్లో పనివాడికి అది కొన్నేళ్ళ జీతం.

జాన్ నార్త్‌వుడ్ 1836లో పుట్టాడు. పన్నెండేళ్ళకే ఈ రిచర్డ్‌సన్ల కార్ఖానాలో పనికి చేరాడు. తర్వాత సొంతంగా గాజు నగిషీ దుకాణం పెట్టుకున్నాడు. పార్థెనాన్ గోడ మీది గుర్రాల బారుని తీసుకుని ఒక గాజు పాత్ర మీద తొమ్మిదేళ్ళ పాటు చెక్కి, 1873లో పూర్తి చేశాడు. తొమ్మిదేళ్ళు! మా ప్రాజెక్టు తొమ్మిది నెలలు దాటితే స్టీరింగ్ కమిటీ పెట్టేస్తారు.

రెడ్ హౌస్ కార్ఖానా అప్పట్లో నార్త్‌వుడ్‌కి వరసకి సోదరుడైన ఫిలిప్ పార్జెటర్‌ది. నీలం మీద తెల్లపొర ఉన్న పాత్రని ఊదించే బాధ్యత అతనిది, చెక్కడం నార్త్‌వుడ్‌ది. నేను నిలబడిన ఆ గోపురంలోనే ఆ పాత్రని ఊదారు. 1873 నుంచి మూడేళ్ళు నార్త్‌వుడ్ దాన్ని చెక్కాడు. చేతిలో కొస వాడిగా పదును పెట్టిన ఉక్కు పుల్లలు. తిరిగే చక్రంతో గాజు కోయడం అప్పటికే అందరికీ తెలుసు, కానీ చక్రంతో ముఖం కవళిక రాదు. అంచెలంచెలుగా చేత్తో గీకాల్సిందే. గీకినదాన్ని బ్రిటిష్ మ్యూజియంలోని అసలుతో పోల్చి చూసుకోవాలి. ఆ అసలు కూడా అతుకుల బొంత.

1876లో, పని దాదాపు ముగిశాక, పాత్ర పగిలింది.

ఎవరూ దేనితోనూ కొట్టలేదు. నేను ఇందాక చెప్పిన, కడుపులో దాచుకున్న లాగుడు. చలికి బిగుసుకున్న గాజుకి వెచ్చటి చేతులు తగిలాయి అని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. ముక్కలు ముక్కలు కాలేదు, చీలింది. నార్త్‌వుడ్ దాన్ని అతికించి మిగిలిన పని పూర్తి చేశాడు. రోమన్ల తర్వాత యూరప్‌లో ఆ పద్ధతిలో అంతటి పని చేసిన మొదటి మనిషి ఆయనే అని అందరూ ఒప్పుకున్నారు. రెండేళ్ళ తర్వాత జోసెఫ్ లాక్ అనే ఇంకో స్టౌర్‌బ్రిడ్జ్ పనివాడు రిచర్డ్‌సన్ల కంపెనీ తరఫున మరో నకలు చేసి 1878 పారిస్ ఎగ్జిబిషన్‌కి పంపాడు.

ఈ పగులు నాకు నార్త్‌వుడ్ నైపుణ్యం కన్నా ఎక్కువ చెప్తుంది. చేతి పని ఆయన తిరిగి సాధించాడు, అందులో అనుమానం లేదు. కంటితో చూడగలిగింది చేత్తో చెయ్యగలిగాడు. గాజు లోపల ఉన్న లెక్క మాత్రం చూస్తే కనపడదు. రోమన్ పాత్ర పద్దెనిమిది వందల ఏళ్ళు నిలబడి, రాయి పడితే తునకలైంది. నార్త్‌వుడ్‌ది మూడేళ్ళకి తనంతట తానే పగిలింది. సోమవారం ఆఫీసుకెళ్ళి ఆ ఏడుతో గుణింపు ఉన్న వాక్యం దగ్గర 'ముట్టుకోవద్దు' అని కామెంటు రాసి పెట్టాను.

తర్వాత కథ వేగంగా నడిచింది. ఊళ్ళో కామియో గాజుకి గిరాకీ వచ్చింది. నార్త్‌వుడ్ దగ్గర పని నేర్చుకున్న జార్జ్ వుడాల్, థామస్ వుడాల్ అన్నదమ్ములు థామస్ వెబ్ కంపెనీలో పెద్ద బృందాన్నే నడిపారు. అందరికీ మూడేళ్ళు తీరిక ఎక్కడిది? హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడారు. గాజుని తినే ఆమ్లం అది. బొమ్మ ఉండాల్సిన చోట తారు లాంటి పూత పూసి, ఆమ్లంలో ముంచితే మిగతా తెలుపంతా కరిగిపోతుంది. ఆ పైన చేత్తో మెరుగులు. ఒంటి మీద పడితే చర్మం దాటి ఎముక దాకా పోయే పదార్థం. ఆవిరి పీల్చినవాళ్ళ గతి చెప్పక్కర్లేదు. ఆమ్లం వాడటం తప్పని నేను అనను, నార్త్‌వుడ్ స్వయంగా 1860ల్లో ఆమ్లంతో నగిషీ వేసే యంత్రాలు కట్టినవాడే. కానీ చేతి మెరుగులు తగ్గుతూ, ఆమ్లం వాటా పెరుగుతూ వచ్చింది. ఆమ్లం అన్నిచోట్లా ఒకే లోతుకి తింటుంది. నీలం తొంగిచూసే ఆ పల్చటి నీడలు దానివల్ల కావు. చవక సరుకు పెరిగిన కొద్దీ కొనేవాళ్ళకి మోజు తీరింది. జార్జ్ వుడాల్ 1925లో పోయాడు. అప్పటికే ఆ పని మూలన పడింది. రోమన్ల లాగానే ఇక్కడా రెండు మూడు తరాలు.

నేర్చుకున్న చేతులు ఏమయ్యాయి? ఓడెక్కాయి. నార్త్‌వుడ్ కొడుకు హ్యారీ 1881లో అమెరికా వెళ్ళిపోయి, అక్కడ అచ్చుపోసిన గాజు మీద లోహపు ఉప్పులు చల్లి నెమలి మెడ రంగులు తెప్పించి అమ్మాడు. సామాన్యులు కొనుక్కునే చవక గాజు. తండ్రి తొమ్మిదేళ్ళు, కొడుకు తొమ్మిది నిమిషాలు! లాక్ 1882లో వెళ్ళాడు. ఫ్రెడరిక్ కార్డర్ అనే కుర్రాడు, నార్త్‌వుడ్ చేసిన పోర్ట్‌లాండ్ నకలు చూసి మతిపోయి గాజులోకి వచ్చినవాడు, 1903లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ వెళ్ళి స్టూబెన్ గాజు కార్ఖానా మొదలుపెట్టాడు. నూరేళ్ళు బతికాడు. తమాషా ఏమిటంటే, నార్త్‌వుడ్ చేసిన ఆ నకలు, పగులుతో సహా, ఇప్పుడు ఉన్నదీ కార్నింగ్ మ్యూజియంలోనే. అక్కడెవరైనా మనవాళ్ళు ఉంటే ఒకసారి చూసిరండి.

బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు అసలు పాత్రని 1945లో డ్యూకు దగ్గర కొనేశారు. 37 ముక్కలు గుర్తున్నాయా? వాటిని ఎవరో ఒక పెట్టెలు చేసేవాడికి ఇచ్చి, ఒక్కో ముక్కకి ఒక్కో అర ఉండేట్టు పెట్టె చెయ్యమన్నారట. తర్వాత తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. పెట్టెవాడూ పోయాడు. ఆ ముక్కలు 1948లో మ్యూజియంకి తిరిగొచ్చాయి. వెంటనే పాత్రని విప్పి మళ్ళీ అతికించారు గానీ, వాటిలో మూడు మాత్రమే కూర్చోబెట్టగలిగారు. ఆ జిగురు పచ్చబారి పట్టు వదిలేసరికి 1988లో నైజెల్ విలియమ్స్, సాండ్రా స్మిత్ అనే ఇద్దరు మళ్ళీ మొదలుపెట్టారు. పాత్రకి లోపలా బయటా తడి అద్దుడు కాగితాలు చుట్టి, రసాయనాల ఆవిరిలో మూడు రోజులు ఉంచితే పాత జిగురు వదిలింది. 189 ముక్కలు బల్ల మీదికి వచ్చాయి. ఎపాక్సీ జిగురుతో ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వచ్చారు. అన్ని ప్రయత్నాలూ అయ్యాక 17 చిన్న పెచ్చులు మాత్రం మిగిలాయి.

పోయిన వేసవి సెలవుల్లో లండన్ వెళ్ళినప్పుడు మా అమ్మాయిని తీసుకెళ్ళి చూపించాను. ఈ కథంతా రైల్లో చెప్పాను కాబట్టి, వెళ్ళగానే అతుకులు వెతకడం మొదలుపెట్టింది. ముక్కు అద్దానికి ఆనించి రెండు చుట్లు తిరిగింది. దొరకలేదు. నాకూ దొరకలేదు.

"మరి ఆ అబ్బాయి రెండు నెలలూ జైల్లోనే ఉన్నాడా నాన్నా?"

"లేదమ్మా. ఎవరో మూడు పౌండ్లు కట్టేశారు. పోస్టులో వచ్చాయిట."

"ఎవరు?"

"పేరు రాయలేదు."